ఠాణాల జెప్పిన మాట ఎవరిది?
పాలమూరు వాడల నుంచి ఒక చట్టం చరిత్ర

మా నాయన వేలిముద్ర ఎన్ని కాయితాల మీద ఉన్నదో మా ఇంట్ల ఎవ్వరికీ తెల్వదు. మాది గద్వాల దిక్కు, నడిగడ్డ. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న భూమి. అక్కడ ఎవరి ఎద్దు పోయినా, ఎవరి మోటారు పోయినా జీపు ముందుగాల మాదిగవాడకే వచ్చేది. నేను ఏడో తరగతి చదివేటప్పుడు ఒక రైతు బాయికాడ మోటారు పోయింది. నాయనను తోలుకపోయి రెండు రాత్రులు ఉంచుకున్నరు. మూడో దినం వచ్చినంక అరుగు మీద కూసొని, "ఏదో రాసుకున్నరు బిడ్డా, నేను ఏలు పెట్టిన" అన్నడు. ఏం రాసిండ్రు అని అడిగితే, "నాకేం ఎరుక? ఆయననే రాసిండు, ఆయననే సదువుకుండు" అన్నడు. మోటారు ఆఖరికి ఆ రైతు సుట్టం ఇంట్లనే దొరికింది. కేసు లేదు, క్షమాపణ లేదు. వేలిముద్ర మాత్రం ఆ కాయితం మీదనే ఉండిపోయింది.

చాలా ఏండ్ల తర్వాత యూనివర్సిటీ లైబ్రరీలో నేర విచారణ స్మృతి తిరగేస్తుంటే 162వ సెక్షన్ కంటబడ్డది. దర్యాప్తులో పోలీసులకు చెప్పిన మాటను రాసుకుంటే, చెప్పినవాడితో దాని మీద సంతకం చేయించకూడదని అందులో ఉన్నది. అంటే మా నాయన ఏలు పెట్టాల్సిన పనే లేదు. ఆ పేజీ కాడ చాలాసేపు ఆగిపోయిన. చట్టం ఒకటి చెప్తున్నది, వాడకు ఇంకొకటి తెలుసు. ఈ రెండింటి నడుమ దూరం ఎట్లా ఏర్పడ్డదో తెలుసుకోవాలన్న కోరికే ఈ వ్యాసం.

చట్టానికి పోలీసు మీద అనుమానం ఎందుకు?

పోలీసుకు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు అన్న సూత్రం ఎవరి దయ వల్లనో పుట్టలేదు. దెబ్బలు తిన్నవాళ్ల అరుపుల నుంచి పుట్టింది. 1854లో మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల మీద ఒక విచారణ కమిషన్ వేశారు. శిస్తు వసూలుకూ, నేరం ఒప్పించడానికీ ఒకే మనుషులు ఒకే పద్ధతులు వాడుతున్నారని అది తేల్చింది. రెండు కట్టెల నడుమ వేళ్లు పెట్టి నొక్కడం, మనిషిని వంచి కట్టి ఎండలో ఉంచడం లాంటివి ఆ నివేదికలో నమోదైనయి. అప్పటి ప్రెసిడెన్సీలో తెలుగు జిల్లాలు కూడా ఉన్నయి. అంటే ఆ నివేదిక మన వాళ్ల ఒంటి మీది చరిత్ర కూడా.

ఆ తర్వాత 1861లో పోలీసు చట్టం వచ్చింది. అదే ఏడు వచ్చిన నేర విచారణ స్మృతి పోలీసు ముందు చేసిన ఒప్పుకోలును సాక్ష్యంగా వాడకూడదన్నది. 1872లో సాక్ష్య చట్టం రాసినప్పుడు ఆ నిబంధనలు 25, 26, 27 సెక్షన్లుగా అందులో చేరినయి. 25 ప్రకారం పోలీసు అధికారికి చెప్పిన ఒప్పుకోలు ముద్దాయి మీద రుజువు కాదు. 26 ప్రకారం పోలీసు కస్టడీలో ఉన్నవాడు ఎవరికి చెప్పినా, మేజిస్ట్రేటు దగ్గర ఉంటే తప్ప చెల్లదు. 27 మాత్రం ఒక కిటికీ తెరిచింది. కస్టడీలో ఉన్నవాడు చెప్పిన సమాచారం వల్ల ఏదైనా వాస్తవం బయటపడితే, దానికి నేరుగా సంబంధించినంత మేర ఆ మాట చెల్లుతుంది.

వలస ప్రభుత్వం తన పోలీసును తానే నమ్మలేదన్నది ఇక్కడ గమనించాలి. నమ్మకపోయినా ఆ పోలీసునే మన మీదికి తోలింది. పనికి మాత్రం వాడుకుంటం, మాటను మాత్రం కోర్టు గడప దాటనియ్యం అన్నది దాని ఏర్పాటు. స్వతంత్రం వచ్చినంక కూడా ఈ ఏర్పాటే కొనసాగింది.

అమీన్, పటేల్, ఉర్దూ కాయితం

మన దిక్కు కథ కొంచెం వేరు. గద్వాల, వనపర్తి సంస్థానాలు. నాగర్‌కర్నూల్ నేరుగా నైజాం సర్కారు కింది తాలూకా. 1860లలో సాలార్జంగు జిల్లాలు ఏర్పరచి, పాలనను తిరగరాసి, పోలీసును కూడా కొత్తగా కట్టిండు. నైజాం రాజ్యానికి సొంత చట్టాలు ఉండేవి. అవి చాలావరకు బ్రిటిష్ ఇండియా చట్టాల అచ్చులో పోసినవే. ఆ శతాబ్దం చివరికి దఫ్తర్లలో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది. ఠాణాలో అమీన్ సాబ్ రాసేది ఉర్దూ, కోర్టులో చదివేది ఉర్దూ. చెప్పేవాడిది మాత్రం పాలమూరు తెలుగు. బయాన్, పంచనామా, ముచ్చలక, జమానత్ అన్న మాటలు మా ముసలోళ్ల నోట్లె ఇప్పటికీ ఉన్నయి. ఆ మాటలు తెలుసు గానీ ఆ కాయితాల్లో ఏమున్నదో తెల్వదు. తమ మాట తమకే అర్థం కాని భాషలోకి మారి, తమ మీదికే తిరిగి వచ్చేది.

ఠాణా కన్నా దగ్గర ఊళ్లె పోలీస్ పటేల్ ఉండేటోడు. ఊరిలో నేరం జరిగితే సర్కారుకు మొదటి మాట ఆయనదే. ఆయన వతందారు, చాలా ఊళ్లల్ల భూస్వామి గూడా. మా తాత లాంటి వెట్టివాళ్లు ఆయన కాయితం పట్టుకొని రాత్రికి రాత్రి ఠాణాకు ఉరికేటోళ్లు. దళితుడు రిపోర్టును మోసిండు గానీ రాయలేదు. మోసిన రిపోర్టులో కొన్నిసార్లు మోసినవాడి పేరే ముద్దాయిగా ఉండేదని మా వాడలో చెప్పుకుంటరు.

ఇక్కడ చట్టానికి ఒక చిక్కు ప్రశ్న వచ్చింది. పోలీస్ పటేల్ పోలీసా, కాదా? పోలీసు అయితే ఆయనకు చెప్పిన ఒప్పుకోలు చెల్లదు. ఊరి పెద్దమనిషి అయితే చెల్లుతుంది. బొంబాయి హైకోర్టు పందొమ్మిదో శతాబ్దంలోనే, పోలీస్ పటేల్ కూడా 25వ సెక్షన్ కింద పోలీసు అధికారే అన్నది. మన వాడకు ఆ తీర్పు చదవాల్సిన అవసరం లేకుండెనే. కొట్టేది ఆయననే, పిలిచేది ఆయననే, రాసి పంపేది ఆయననే అయినప్పుడు ఆయన ఎవరో వాళ్లకు తెలుసు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం ఇండియాలో కలిసింది. 1951 ఏప్రిల్ 1 నుంచి భారత సాక్ష్య చట్టం, నేర విచారణ స్మృతి ఇక్కడ కూడా అమలులోకి వచ్చినయి. దఫ్తర్ భాష మెల్లగా తెలుగు అయింది. పటేల్, పట్వారీ వ్యవస్థ 1980ల దాకా సాగి, ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు చేసినంక పోయింది. మనుషులు పోయిన్రు, కుర్చీ పోలేదు. ఆ కుర్చీలో తర్వాత గ్రామ పాలనాధికారి, ఆయన తర్వాత వీఆర్వో కూసున్నరు. హత్య కేసుల చార్జిషీట్లు చదివినవాళ్లకు ఈ కథ తెలుసు: ముద్దాయి పొద్దున్నే నడుచుకుంటా వీఆర్వో ఇంటికి పోతడు, జరిగిందంతా చెప్తడు, వీఆర్వో రాసుకొని ఆ కాయితంతో సహా ఠాణాలో అప్పజెప్తడు. పోలీసుకు చెప్తే చెల్లదు గాబట్టి వీఆర్వోకు చెప్పినట్టు అన్నమాట. తెలంగాణలో 2020లో వీఆర్వో పదవి కూడా పోయింది. కానీ పోలీసు కాని ఒక సర్కారు మనిషి చెవి కోసం దర్యాప్తు వెతుకులాట ఆగలేదు.

పులుకూరి కోటయ్య కేసు

27వ సెక్షన్ అనే కిటికీ ఎంత పెద్దదో తేల్చింది మన తెలుగు నేల కేసే. గుంటూరు జిల్లాలో రెండు వర్గాల కక్షలో పులిపాడు చెరువు దగ్గర హత్యలు జరిగినయి. పులుకూరి కోటయ్య, ఇంకా కొందరు ముద్దాయిలు. గుంటూరు సెషన్స్ కోర్టు శిక్ష వేసింది, మద్రాసు హైకోర్టు ఖాయం చేసింది. కేసు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. 1946 డిసెంబరులో సర్ జాన్ బ్యూమాంట్ తీర్పు చెప్పిండు.

ఆ ముద్దాయిలు కస్టడీలో చెప్పారంటున్న మాటల్లో రెండు రకాలు కలిసి ఉన్నయి. ఒకటి, మేం కాచుకొని ఉండి ఫలానావాళ్లను చంపినం అన్నది. రెండు, బల్లెం ఫలానా చోట దాచినం, వస్తే చూపిస్తం అన్నది. కింది కోర్టులు మొత్తం మాటను సాక్ష్యంగా తీసుకున్నయి. అట్లా కుదరదన్నది ప్రీవీ కౌన్సిల్. దాచిన వస్తువు దొరికితే ఆ వస్తువు, అది ఉన్న చోటు, ఆ సంగతి ముద్దాయికి తెలిసి ఉండడం — ఇవే బయటపడ్డ వాస్తవాలు. ఆ కత్తితో పొడిచిన అన్న పాత కథ దాని వల్ల బయటపడదు. ఆ భాగం చెల్లదు. చెల్లని మాటలు పక్కకు తీసి, మిగిలిన సాక్ష్యం శిక్షకు సరిపోతదో లేదో చూడమని కేసును మద్రాసు హైకోర్టుకు తిప్పి పంపింది. ఈ రోజుకూ దేశంలో ఏ కోర్టులో 27 గురించి వాదన నడిచినా కోటయ్య పేరు లేకుండ నడవదు.

అదే కేసులో ఇంకో వాదన కూడా ఉన్నదన్న సంగతి చాలామంది మర్చిపోతరు. సాక్షులు పోలీసులకు మొదట చెప్పిన మాటల నోటుబుక్కు ముద్దాయిల వకీలుకు సమయానికి ఇవ్వలేదు. అది చట్టం మీరడమేనని ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకున్నది, కానీ ఆ కేసులో దాని వల్ల ముద్దాయిలకు నష్టం జరగలేదన్నది. పోలీసు రాసుకున్న సాక్షి మాట ముద్దాయి చేతిలో ఎంత పదునైన పనిముట్టో దీన్ని బట్టే తెలుస్తది.

తీర్పు గొప్పదే. కానీ అది వాడకు ఎట్లా చేరింది? దొరికిన వస్తువు, దొరికిన చోటు, ముద్దాయి ఎరుక — ఈ మూడూ ఉంటే చాలని దర్యాప్తు నేర్చుకున్నది. మనిషిని పట్టుకొచ్చినంక వస్తువు ఎట్లా అయినా దొరకాలె. కత్తి కొట్టంలో దొరుకుతది, సొమ్ము పెంటకుప్పలో దొరుకుతది. పంచనామా మీద సంతకం చేసే పంచులు ఎప్పుడూ చేతికి అందే మనుషులే. 27 కింద ఒక వస్తువు దొరకాలంటే ముందు ఒక ఒళ్లు మెత్తబడాలె. ఆ ఒళ్లు ఎక్కువసార్లు ఏ వాడదో చెప్పాల్సిన పని లేదు. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు ఠాణాలో వంటపని చేసుకునే ఒక దళిత మహిళ దొంగతనం అనుమానం మీద ప్రాణం పోగొట్టుకున్నది. తర్వాత ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్లనూ కొలువుల నుంచి తీసేసిన్రు. 25వ సెక్షన్ ఒప్పుకోలును కోర్టు బయట ఆపింది గానీ దెబ్బను ఠాణా బయట ఆపలేదు.

సాక్షి అయినప్పుడు

ఇప్పటిదాకా ముద్దాయి కథ. దళితుడు బాధితుడుగా, సాక్షిగా ఠాణా మెట్లెక్కితే సంగతేంది?

పాత స్మృతిలో 161 కింద పోలీసు సాక్షిని అడిగి రాసుకుంటడు. 162 కింద ఆ రాతను సాక్ష్యంగా వాడరాదు. కానీ ఒక పనికి వాడొచ్చు: కోర్టులో సాక్షి చెప్పే మాటకు అడ్డం పెట్టి, "అప్పుడు ఇట్లా చెప్పలేదు గదా" అని నిలదీయడానికి. అప్పుడు చెప్పకుండ విడిచిపెట్టిన ముఖ్యమైన సంగతి కూడా విరుద్ధమే అవుతుందా అన్న ప్రశ్న మీద 1959లో తహసీల్దార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పెద్ద చర్చ చేసింది. 1973 స్మృతిలో దానికి వివరణ కూడా చేర్చిన్రు: ముఖ్యమైన సంగతి వదిలేస్తే అది విరుద్ధం కావచ్చు.

ఈ నియమం పుట్టింది ముద్దాయిని కాపాడడానికి. అది న్యాయమే. కానీ ఒకసారి ఆలోచించండి. సాక్షి చెప్పలేదా, పోలీసు రాయలేదా? ఆ రాత మీద సాక్షి సంతకం ఉండదు. దాన్ని అతనికి చదివి వినిపించిన్రో లేదో ఎవరికీ తెల్వదు. మా ఊరి ఆడమనిషి "మాపటేళ, జొన్నచేను దాటినంక, ఒర్రె కాడ" అని చెప్తది. రాసేవాడు "సాయంత్రం సుమారు 6 గంటలకు, సదరు గ్రామ శివారులో" అని రాస్తడు. నాలుగేండ్లకో పదేండ్లకో బోనులో నిలబడ్డప్పుడు ఆరా, ఏడా? శివారా, ఒర్రెనా? అని వకీలు అడుగుతడు. ఆమె తన ఒర్రె గురించే చెప్తది. కాయితం శివారు గురించి చెప్తది. ఆమె అబద్ధం ఆడినట్టు తేలుతది. గడియారం ఆమెది కాదు, మాట ఆమెది కాదు, శిక్ష మాత్రం ఆమె మాటకే పడుతది.

చుండూరు దీనికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కట్టి కాలువలో పారేసిన్రు. ఊర్లో పోలీసు పికెట్ ఉండగానే ఇది జరిగింది. దళితులు కొట్లాడి, ఊర్లోనే ప్రత్యేక కోర్టు తెచ్చుకున్నరు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. చనిపోయిన సమయం, చోటు, కొట్టినవాళ్లు ఎవరన్నది ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందన్నది ఆ తీర్పు సారం. పొలాలెంబడి తరమబడ్డ మనుషులు సమయం చూసుకోలేదు. దర్యాప్తు చేసినవాళ్లు అప్పుడే అడిగి, సరిగ్గా రాసి ఉంటే ఇరవై మూడేండ్ల తర్వాత ఆ ఖాళీలు అట్లా నోరు తెరిచేవా? రాయనోడి తప్పుకు చెప్పినోడు జవాబుదారీ అయిండు.

మన చేతిలో ఏమున్నది?

ఇక్కడ మనలో కొంతమందికి ఒక ఆలోచన వస్తది. నేను గూడా ఒకప్పుడు అట్లనే అనుకున్న. అగ్రకుల ముద్దాయిలు 25నూ, 162నూ అడ్డం పెట్టుకొని బయటపడుతున్నరు గాబట్టి, పోలీసుకు చెప్పిన మాట చెల్లుతదని చట్టం మారిస్తే బాగుంటది గదా అని. ఆ దారి ఎటు పోతదో చరిత్ర చూపించింది. 1987 టాడా చట్టం ఎస్పీ ముందు ఒప్పుకోలు చెల్లుతుందన్నది. 2002 పోటా అదే తిరిగి చెప్పింది. టాడా 1995లో, పోటా 2004లో పోయినయి. 2003లో మళిమఠ్ కమిటీ కూడా మామూలు కేసుల్లో ఎస్పీ రాసిన ఒప్పుకోలును ఒప్పుకోవాలని సిఫారసు చేసింది. ఆ గేటు తెరిస్తే ముందుగాల లోపలికి ఈడ్చబడేది ఎవరు? 25వ సెక్షన్ ఒక్కనాడు లేకపోయినా మా నాయన వేలిముద్ర ఆ మోటారు కేసులో జైలు శిక్ష అయ్యేది. వాడకు ఆ గోడ అవసరం. అది పాత గోడ, పగిలిన గోడ, అయినా గోడే.

మరి ఏం అడగాలె? ముద్దాయి మాట మీద ఉన్న అనుమానాన్ని తీసేయమని కాదు, రాసేవాడి మీద కూడా ఆ అనుమానం పెట్టమని. మన దగ్గర ఉన్న పనిముట్లు తక్కువేం కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, నియమాలు 1995లో. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకొని, చదివి వినిపించి, సంతకం తీసుకొని, నకలు ఉచితంగా ఇవ్వాలె. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గకూడదు. 2015 సవరణ తర్వాత చదివి వినిపించడం, కేసు నమోదు చేయడం, బాధితుల, సాక్షుల వాంగ్మూలం రాయడం చట్టంలోనే అధికారుల విధులు. అవి కావాలని చేయకపోతే 4వ సెక్షన్ కింద అది నేరం. 15ఏ సెక్షన్ బాధితుల, సాక్షుల హక్కులను చెప్తది, విచారణలను వీడియో తీయాలన్నది. తీవ్రమైన కేసుల్లో మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇప్పించే దారి ఎప్పటి నుంచో ఉన్నది. ఠాణాల్లో సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చినయి. భారతీయ సాక్ష్య అధినియమ్‌లో పాత 25, 26, 27 మూడూ 23వ సెక్షన్‌లో ఒక్కచోట చేరినయి. నాగరిక్ సురక్షా సంహితలో 161 పోయి 180 అయింది, 162 పోయి 181 అయింది. అంకెలు మారినయి, 27 కిటికీ మాత్రం అట్లనే ఉన్నది.

ఆ చట్టాలు రావడానికి నెల ముందు, 2024 జూన్‌లో, నాగర్‌కర్నూల్ జిల్లా మొలచింతలపల్లిలో ఒక చెంచు మహిళను కట్టేసి, కొట్టి, కాల్చి హింసించిన సంగతి రాష్ట్రమంతా తెలిసింది. కానీ జరిగిన కొన్ని రోజులకు గాని తెలియలేదు. ఆ రోజులన్నీ ఆమె మాట ఏ కాయితం మీదా లేదు. మన దిక్కు సాక్ష్య చట్టం చరిత్ర రాస్తే అది ఇట్లాంటి ఖాళీ రోజుల చరిత్ర అయి ఉంటది. తీర్పుల పుస్తకాల్లో కోటయ్య కనబడతడు. ఠాణా అరుగు మీద కూసొని ఏలు పెట్టినోళ్లు కనబడరు.

అందుకే వాడలో చదువుకున్న పిల్లలకు నేను అడిగేది చిన్న పని. మన వాళ్లు ఠాణాకు పోతే వెంట పొండి. రాసినదాన్ని చదివి వినిపించమని అడగండి, ఎఫ్ఐఆర్ నకలు తీసుకోండి, చెప్పిన రోజు, చెప్పిన మాట మన నోటుబుక్కులో కూడా రాసిపెట్టండి. దర్యాప్తు వాంగ్మూలం మీద వేలిముద్ర అడిగితే చట్టం వద్దన్నదని చెప్పండి. ఒర్రెను ఒర్రె అనే రాయమనండి.

మొన్న ఇంటికి పోయినప్పుడు నాయనకు 162వ సెక్షన్ సంగతి చెప్పిన. ఆ దినం నువ్వు ఏలు పెట్టాల్సిన పని లేకుండె అన్న. నాయన చాలాసేపు తన బొటనవేలు చూసుకున్నడు. "మరి ఆ సంగతి ఆ అమీన్‌కు ఎరుకేనా?" అని అడిగిండు. ఎరుకే నాయనా, అన్న.